పరభాషా డొమైన్ పేర్లు కొని అమ్మాలంటే ధర ఎట్ల కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి డొమైన్ పేర్ల (అంటే వెబ్‌సైట్ చిరునామాల) వ్యాపారంలోకి దిగుతున్న కుర్రవాళ్ళు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. ఇంగ్లీష్‌లో మంచి పేర్లు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి జర్మన్, స్పానిష్, చైనీస్, అరబిక్ వైపు చూస్తున్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ తనకు రాని భాషలో పేరు కొని, దానికి ధర కట్టడం కష్టమైన పని. అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## కొనకముందు

పరభాషా డొమైన్ అంటే వేరే లిపిలో ఉన్నదా, వేరే భాషలో ఉన్నదా?

రెండింటినీ అట్లే పిలుస్తారు. ధర కట్టేటప్పుడు మాత్రం విడిగా చూడాలి. మొదటి రకం ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాసిన పరభాషా పదం. స్పానిష్‌లో బీమాను సెగూరోస్ అంటారు, దాన్ని కీబోర్డు మీద మామూలుగా కొట్టేయొచ్చు. రెండో రకం చైనీస్, అరబిక్, రష్యన్, తెలుగు లాంటి సొంత లిపిలో ఉన్న పేరు. దీన్ని ఐడిఎన్ అంటారు. ఇంటర్నెట్ లోపల ఇది ఎక్స్ఎన్ అనే అక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లీష్ అక్షరాల వరుసగా మారిపోతుంది. ఆ పద్ధతి పేరు ప్యూనీకోడ్, 2003లో ప్రమాణంగా వచ్చింది. 2010 నుంచి ఈజిప్ట్, సౌదీ, ఎమిరేట్స్, రష్యా లాంటి దేశాలకు చుక్క తర్వాతి భాగం కూడా సొంత లిపిలోనే దొరుకుతోంది.

చూడ్డానికి బాగుంటుంది. అయితే సొంత లిపి పేరుతో ఈమెయిల్ చిరునామా పెట్టుకుంటే చాలా వెబ్‌సైట్లు ఇప్పటికీ దాన్ని తప్పు చిరునామా అంటాయి. వ్యాపారస్తుడికి ఈమెయిల్ లేని పేరు సగం పేరే. అందుకే ఒకే పదం రెండు రకాలుగా దొరికితే, ఇంగ్లీష్ అక్షరాల్లో ఉన్నదానికే నేను ఎక్కువ కడతాను.

ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా కొనొచ్చా?

ఆ భాషలో బతికే మనిషి ఒకరు ఫోన్‌లో అందుబాటులో ఉంటే కొనొచ్చు. మన జిల్లాల పిల్లలు జర్మనీలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళను "దీనికి అర్థం ఏంది?" అని అడగొద్దు. అర్థం డిక్షనరీలోనే ఉంది. "ఈ మాట షాపు బోర్డు మీద ఎప్పుడన్నా చూసినావా? ఇది కావాల్సినవాళ్ళు గూగుల్‌లో ఇదే కొడతారా, ఇంకో మాట కొడతారా? స్పెల్లింగ్ ఇట్లే రాస్తారా?" అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ముందుకు పోండి. "అర్థమైతే అవుతుంది గానీ, ఎవరూ అట్ల అనరు" అన్న మాట వినపడితే ఆ పేరు వదిలేయండి. డిస్కౌంట్ ఉన్నా సరే.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చూసి పేరు తయారు చేసినా. అది చాలదా?

చాలదు. ఒంటి పదమైతే కొంత నయం, రెండు పదాలు కలిపితే చాలాసార్లు బోల్తా పడుతుంది. స్పానిష్‌లో "చవకైన ఇళ్ళు" అనాలంటే ఇళ్ళు ముందు, చవక తర్వాత వస్తాయి. కాసాస్ బరాతాస్ అంటారు. దాన్నే మన వరుసలో, ఇంగ్లీష్ వరుసలో తిప్పి రాస్తే ఆ పేరును ఏ స్పానిష్ వ్యాపారీ కొనడు. జర్మన్‌లో రెండు పదాలు అతుక్కునేటప్పుడు మధ్యలో ఒక ఎస్ అక్షరం వచ్చి చేరడం మామూలు. బీమా పోలిక అనే మాటలో అది ఉంది. ఆ ఒక్క అక్షరం లేకపోతే జర్మన్ కంటికి అది అచ్చుతప్పు.

స్పానిష్‌లో ఎన్ అక్షరం మీద వచ్చే వంపు గీత విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏడాది అనే పదంలో ఆ గీత తీసేసి మామూలు ఎన్ పెడితే మలద్వారం అనే అర్థం వస్తుంది. ఏడాదికి సంబంధించిన పేరు అనుకుని ఇట్లాంటిది కొంటే అమ్ముకోవడం కాదు, ఎవరికీ చూపించడానికి కూడా ఉండదు.

స్పానిష్ ఇరవై దేశాల్లో మాట్లాడతారు కదా, గిరాకీ కూడా అంత ఉంటుందా?

పదాన్ని బట్టి ఉంటుంది. అనంతపురం వాళ్ళకు బాగా తెలిసిన శెనక్కాయనే తీసుకోండి. అర్జెంటీనా, పెరూ, కొలంబియాల్లో దాన్ని మనీ అంటారు. మెక్సికోలో కకవాతే అంటారు. స్పెయిన్‌లో కకవేతే అంటారు. ఒక పేరు కొంటే మీకు ఒక ముక్క మార్కెట్టే దక్కుతుంది. కారు కూడా అంతే, స్పెయిన్‌లో కోచే, కొలంబియాలో కార్రో, అర్జెంటీనాలో ఆటో. బీమా, హోటల్, ఇల్లు లాంటి మాటలు అన్ని దేశాల్లోనూ చెల్లుతాయి. ధరలో పెద్ద తేడా అక్కడే వస్తుంది. పోర్చుగీస్‌లో కూడా ఇదే చూసుకోవాలి. సెల్‌ఫోన్‌ను బ్రెజిల్‌లో ఒకటంటారు, పోర్చుగల్‌లో ఇంకోటంటారు. బ్రెజిల్ జనాభా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి ధర బ్రెజిల్ మాటను బట్టే కట్టండి.

మా తమ్ముడు ఏళ్ళ తరబడి కువైట్‌లో ఉన్నాడు, అరబిక్ బాగా మాట్లాడతాడు. వాడి సలహాతో కొనొచ్చా?

రాజంపేట, రాయచోటి, కడప వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారంటే అతిశయోక్తి కాదు, కాబట్టి ఇది చాలామంది అడుగుతారు. తమ్ముడి సలహా పనికొస్తుంది, సగం వరకే. అక్కడ వీధిలో, ఇళ్ళల్లో మాట్లాడే అరబిక్ వేరు, పత్రికల్లో, వ్యాపార కాగితాల్లో రాసే అరబిక్ వేరు. పైగా ఇంగ్లీష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒక్కో ప్రాంతం వాళ్ళు ఒక్కోలా రాస్తారు. బజారు అనే మాటను రాతలో సూక్ అంటే, గల్ఫ్‌లో నోటితో సూగ్ అంటారు. క్యూ పెట్టాలా, కే పెట్టాలా, జీ పెట్టాలా అన్న గొడవ అక్కడే మొదలవుతుంది. ఎన్ని స్పెల్లింగులు వాడుకలో ఉంటే ఒక్కోదాని విలువ అంత పలచబడుతుంది. తమ్ముడి చేత అక్కడి షాపుల బోర్డుల ఫొటోలు తీయించండి. వాటి మీద ఇంగ్లీష్ అక్షరాల్లో ఎట్ల రాసుకున్నారో అదే మీకు కావాల్సిన స్పెల్లింగ్.

పెనుకొండ దగ్గర కొరియా వాళ్ళ హోటళ్ళు, బోర్డులు చూస్తున్నాం. కొరియన్ పేర్లు కొంటే ఎట్ల ఉంటుంది?

కియా ప్లాంట్ వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియన్ లిపి కనపడటం మొదలైంది, నిజమే. కానీ మనకు కనపడే బోర్డులు ఇక్కడ ఉంటున్న కొరియా వాళ్ళ కోసం పెట్టినవి. ఆ కొద్దిమందిని నమ్ముకుని డొమైన్ కొంటే అమ్మకానికి ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే. అసలు గిరాకీ కొరియాలో ఉంది. అక్కడి డాట్ కెఆర్ పేరు కొనాలంటే ఆ దేశంలో చిరునామా కావాలి. మనకు మిగిలేది డాట్ కామ్. నా మాట అడిగితే కొరియన్ వదిలేయమంటాను.

ఏ దేశాల పేర్లు ఇండియాలో ఉండి కొనగలం?

జర్మనీ డాట్ డిఇ, స్విట్జర్లాండ్ డాట్ సిహెచ్, ఆస్ట్రియా డాట్ ఎటి, నెదర్లాండ్స్ డాట్ ఎన్ఎల్ కొనొచ్చు. ఫ్రాన్స్ డాట్ ఎఫ్ఆర్, యూరప్ డాట్ ఇయు యూరప్‌లో ఉండేవాళ్ళకే ఇస్తారు, డాట్ ఇయు అయితే అక్కడి పౌరులకు కూడా. బ్రెజిల్‌కు అక్కడి పన్ను నంబరు కావాలి, జపాన్‌కు అక్కడి చిరునామా కావాలి. చైనా డాట్ సిఎన్‌కు గుర్తింపు కాగితాలు పరిశీలిస్తారు. "మా చిరునామా వాడుకోండి, కొంత కట్టండి" అనే మధ్యవర్తులు దొరుకుతారు. వద్దు. రికార్డులో పేరు వాళ్ళది ఉంటే, ఆస్తి కూడా వాళ్ళదే.

## ధర కట్టేటప్పుడు

అంచనా వేసే వెబ్‌సైట్ 2,000 డాలర్లు అని చూపించింది. నమ్మాలా?

అమ్మకానికి ఆ అంకెను నమ్మొద్దు. ఈ సాధనాలు పాత అమ్మకాలు, అక్షరాల సంఖ్య, సెర్చ్ లెక్కలు కలిపి ఒక అంకె వేస్తాయి. ఇంగ్లీష్ డాట్ కామ్ పేర్ల మీద కాస్త దారి చూపిస్తాయేమో గానీ, పరభాషా పదం వచ్చేసరికి దాన్ని ఇంగ్లీష్ ముక్కలుగా విరిచి చదివే ప్రమాదం ఉంది. ఆ ముక్కల్లో అనుకోకుండా ఒక ఇంగ్లీష్ పదం కనపడితే ధర పెరిగిపోతుంది, జర్మన్‌లో ఎంతో విలువైన పదాన్ని అర్థంలేని అక్షరాలుగా తీసి పడేస్తుంది. కొనేవాడు ఆ అంకె చూసి డబ్బులివ్వడు. వాడి లెక్క వాడికి ఉంటుంది.

మరి నిజమైన విలువ ఎట్ల లెక్కగట్టాలి?

తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రపు రాయి దొరికినవాళ్ళు అది ఎంత చేస్తుందో చెప్పలేరు. ఎవరు కొంటారో, వాళ్ళు ఎక్కడ అమ్ముకుంటారో దాన్ని బట్టి ధర తేలుతుంది. డొమైన్ కూడా అంతే. పదం ఎంత అందంగా ఉందని కాదు, అది ఎవరికి అవసరం అని మొదలుపెట్టాలి.

ముందు గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఆ దేశంలోని రెండు మూడు పెద్ద ఊళ్ళ మీద ఆ పదం కొట్టండి. ఆ మాట తమ పేరులోనో పనిలోనో ఉన్న వ్యాపారాలు ఎన్ని కనపడతాయో చూడండి. వాటిలో ప్రతి ఒక్కటీ మీకు కాబోయే కొనుగోలుదారు. పదుల్లో కూడా లేకపోతే అక్కడితో ఆపేయండి.

తర్వాత ఆ దేశం, ఆ భాష ఎంచుకుని గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో నెలకు ఎంతమంది వెతుకుతున్నారో, ప్రకటనదారులు ఒక క్లిక్‌కు ఎంత వేస్తున్నారో చూడండి. ఇండియా అని ఉంచి చూస్తే ఆ అంకెలకు విలువ లేదు, చాలామంది అక్కడే పొరపడతారు. క్లిక్ ధర ముఖ్యం. వంటల పదాన్ని లక్షమంది వెతికినా దాని మీద డబ్బు పెట్టేవాళ్ళు తక్కువ. అప్పు, బీమా, లాయరు, పళ్ళ డాక్టరు లాంటి పదాలకు ఒక్క కస్టమర్ దొరికితే చాలు, ఖర్చు తిరిగొస్తుంది. 2008లో క్రెడిట్ అనే పదానికి జర్మన్ స్పెల్లింగ్‌తో ఉన్న డాట్ డిఇ పేరు 8,92,500 యూరోలకు అమ్ముడుపోయింది. అప్పు ఇచ్చేవాళ్ళు ఒక కస్టమర్ మీద సంపాదించేది చూస్తే ఆ ధర ఆశ్చర్యమనిపించదు.

చివరగా అదే పదం మిగతా ఎక్స్‌టెన్షన్లలో, అంటే చుక్క తర్వాత వేరే భాగంతో, ఎవరి దగ్గర ఉందో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. నడుస్తున్న వ్యాపారాలు వాడుకుంటుంటే మీ పేరుకు బలం. అన్నీ "అమ్మబడును" అని ఖాళీగా పడి ఉంటే, మీకంటే ముందు చాలామంది అదే ఆశతో కొని కూర్చున్నారని అర్థం.

పాత అమ్మకాల ధరలు ఎక్కడ దొరుకుతాయి?

నేమ్‌బయో వెబ్‌సైట్‌లో బయటికి ప్రకటించిన అమ్మకాలు వెతకొచ్చు. ఎక్స్‌టెన్షన్‌ను బట్టి వడగట్టుకోవచ్చు. అదే భాష, అదే ఎక్స్‌టెన్షన్, అదే రకం వ్యాపారం ఉన్న అమ్మకాలతోనే పోల్చండి. స్పానిష్ డాట్ కామ్ ధర చూసి మెక్సికో డాట్ ఎంఎక్స్‌కు లెక్క వేయొద్దు. తేదీ కూడా చూడండి. రహస్యంగా జరిగే అమ్మకాలు అందులో రావు, కాబట్టి కనిపించేది మొత్తం మార్కెట్ కాదు.

చైనా వాళ్ళు అంకెల పేర్లకు కోట్లు ఇస్తారంట కదా?

ఇచ్చారు. 360 డాట్ కామ్‌ను 2015లో చైనా కంపెనీ చిహూ 1.7 కోట్ల డాలర్లకు కొన్నది. షావోమీ 2014లో ఎంఐ డాట్ కామ్‌కు 36 లక్షల డాలర్లు పెట్టింది. చైనీస్ లిపిని కీబోర్డు మీద కొట్టడం కంటే అంకెలు కొట్టడం తేలిక కాబట్టి అక్కడ అంకెలకు గిరాకీ ఉంది. ఎనిమిది శుభం, నాలుగు అశుభం. నాలుగు ఉన్న పేరుకు ధర తగ్గుతుంది.

కానీ ఇది చూసి పొడుగాటి అంకెల పేర్లు కొనొద్దు. 2015 చివర్లో చైనా పెట్టుబడిదారులు అచ్చులు లేని పొట్టి పేర్ల మీద పడి ధరలు ఆకాశానికి తీసుకెళ్ళారు, 2016లో అవి బాగా పడిపోయాయి. అప్పుడు కొన్నవాళ్ళు వ్యాపారస్తులకు కాదు, తమలాంటి కొనుగోలుదారులకే అమ్ముదామనుకున్నారు. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే చైనీస్ పదాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రాతలో స్వరభేదాలు పోతాయి కాబట్టి ఒకే స్పెల్లింగ్‌కు చాలా అర్థాలుంటాయి. అన్నీ మంచి అర్థాలేనా అని చైనా మనిషిని అడగకుండా కొనొద్దు.

జర్మన్‌లో చుక్కలున్న అక్షరం ఉంది. చుక్కలతో కొనాలా, లేకుండానా?

డాట్ డిఇలో చుక్కల అక్షరాలు 2004 నుంచి దొరుకుతున్నాయి. చుక్కలు పెట్టలేని చోట జర్మన్లు ఆ అచ్చు పక్కన ఒక ఇ అక్షరం చేర్చి రాస్తారు. వంటిల్లు అనే పదానికి రెండు రూపాలూ చెల్లుతాయి. చుక్కలు ఊరికే తీసేసి, ఇ చేర్చకుండా రాస్తే అది వేరే పదమో, తప్పో అవుతుంది. రెండు సరైన రూపాలూ మీ చేతిలో ఉంటే జతగా అమ్మండి. ఒకటే దొరికితే, రెండోది ఎవరి దగ్గరుందో చూసుకుని ధర తగ్గించుకోండి.

ఎన్ని పేర్లు కొనొచ్చు? ఎంత పెట్టుబడి పెట్టాలి?

ఈ వ్యాపారంలో పాతవాళ్ళు చెప్పుకునే లెక్క ఏమిటంటే, ఏడాదికి నూరు పేర్లలో ఒకటో రెండో అమ్ముడుపోతాయి. మీ దగ్గర 40 డాట్ కామ్ పేర్లు ఉన్నాయనుకుందాం. రెన్యువల్ ఒక్కోదానికి పన్నుతో కలిపి 1,200 వేసుకున్నా ఏడాదికి 48,000 రూపాయలు. బాగా నడిస్తే ఏడాది పైచిలుకుకు ఒకటి, నెమ్మదిగా నడిస్తే రెండున్నరేళ్ళకు ఒకటి అమ్ముడుపోతుంది. అప్పటికి రెన్యువల్‌కే 60,000 నుంచి 1,20,000 దాకా అయిపోయి ఉంటుంది. ఆ ఒక్క అమ్మకంలో అది రావాలి, పైన అమ్మిపెట్టే వెబ్‌సైట్ కమిషన్ పోవాలి.

అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి ఇందులోకి దిగొద్దు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. మొదటి ఏడాది ఐదారు పేర్లు చాలు. ఒక్కోదానికి కనీసం ముగ్గురు నిజమైన కొనుగోలుదారుల పేర్లు కాగితం మీద రాయగలిగితేనే కొనండి.

## కొన్నాక

నేను కొన్న పదం అక్కడ ఒక కంపెనీ బ్రాండ్ అని తెలిసింది. ఏం చేయాలి?

మనకు మామూలు పదంలా కనిపించేది అక్కడ రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ కావొచ్చు. డాట్ కామ్ పేర్లకు యుడిఆర్‌పి అనే వివాద పరిష్కార పద్ధతి 1999 నుంచి ఉంది. పేరు వాళ్ళ మార్క్‌ను పోలి ఉండటం, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేకపోవడం, దురుద్దేశంతో కొని వాడటం, ఈ మూడూ రుజువైతే పేరు వాళ్ళకు పోతుంది. డబ్బులేమీ రావు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ కంపెనీకే ఈమెయిల్ పెట్టి "మీ పేరు నా దగ్గర ఉంది, కొంటారా?" అనడం. దురుద్దేశానికి అదే సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ పేరు పక్కన పెట్టి, గడువు తీరనివ్వండి.

ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు కొంటే మంచి ధర వస్తుందా?

యూరప్‌లో వద్దు. జర్మనీలో పేరు హక్కును చట్టం కాపాడుతుంది. హైడెల్‌బర్గ్ నగరం తన డాట్ డిఇ పేరు కోసం కోర్టుకు పోయి 1996లోనే గెలిచింది. మామూలు వృత్తి, వస్తువు పదాల విషయంలో అక్కడి సుప్రీం కోర్టు 2001లో ఉదారంగానే తీర్పు ఇచ్చింది. ఊరు వదిలేసి వస్తువు పట్టుకోండి.

గడువు తీరిన పాత పేరు వేలంలో దొరికింది. పాతది కాబట్టి విలువ ఎక్కువేనా?

దాని చరిత్రను బట్టి. వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో దాని పాత పేజీలు చూడండి. పదేళ్ళు ఒక బేకరీ వెబ్‌సైట్ నడిచి ఉంటే మంచిదే. మధ్యలో జూదం, నకిలీ మందుల ప్రకటనలు నడిపి ఉంటే వదిలేయండి. ఆ మచ్చ సెర్చ్‌లో చాలాకాలం ఉంటుంది.

ఎన్నేళ్ళు పట్టుకోవాలి? అమ్ముడుపోకపోతే ఎప్పుడు వదలాలి?

రెన్యువల్ తేదీకి నెల ముందు ఆ పేరును మొదటిసారి చూస్తున్నట్టు చూడండి. ఈరోజు ఖాళీగా దొరికితే మళ్ళీ కొంటారా? కొనననిపిస్తే వదిలేయండి. రెండేళ్ళలో ఒక్కరు కూడా వచ్చి అడగని పేరును అభిమానంతో పోషించొద్దు.

## అమ్మేటప్పుడు

కొనేవాళ్ళకు ఏ భాషలో రాయాలి?

వాళ్ళ భాషలోనే. అమ్మకం పేజీ కూడా అదే భాషలో, ధర అదే కరెన్సీలో ఉండాలి. బవేరియాలో ఫర్నిచర్ షాపు నడిపే పెద్దాయనకు డాలర్ల లెక్క, ఇంగ్లీష్ పేజీ రెండూ అనుమానాన్ని పెంచుతాయి. మూడు నాలుగు వాక్యాలు చాలు, ఆ భాష వచ్చినవాళ్ళతో దిద్దించి పంపండి. గుంపు మెయిళ్ళు పంపితే స్పామ్‌లో పడతారు. డొమైన్లు అమ్మిపెట్టే సెడో లాంటి వేదిక మీద ధర వేసి పెడితే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు నేరుగా కొంటారు. కమిషన్ చోటును బట్టి 10 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, ఆ మేరకు ముందే ధరలో వేసుకోండి.

"కొంటాను, ముందు ఫలానా సైట్‌లో విలువ సర్టిఫికెట్ తీసుకురా" అంటున్నాడు. తీసుకోవాలా?

వద్దు, మోసం. ఆ సైట్ కూడా వాళ్ళదే. సర్టిఫికెట్ డబ్బులు అందాక మనిషి కనపడడు. నిజంగా కొనేవాడు మీ దగ్గర్నుంచి రూపాయి కూడా అడగడు. ఇంకో రకం కూడా ఉంది. "మీ పేరును చైనాలో ఎవరో రిజిస్టర్ చేసుకోబోతున్నారు, వెంటనే స్పందించండి" అని భయపెట్టే ఈమెయిల్ వస్తుంది. మీ చేత అక్కరలేని పేర్లు కొనిపించడానికి రాసే ఉత్తరం అది. టెన్షన్ పడకుండా తీసేయండి.

డబ్బు ముందా, పేరు ముందా?

రెండూ ఎస్క్రో ద్వారా. కొనేవాడు డబ్బు మధ్యవర్తి సంస్థ దగ్గర జమచేస్తాడు, జమ అయిందని ఆ సంస్థ చెప్పాకే మీరు పేరు బదిలీ చేస్తారు, అందినట్టు నిర్ధారణ అయ్యాక డబ్బు మీకు వస్తుంది. జమ అయిందన్న సందేశాన్ని ఈమెయిల్‌లోని లింకు నొక్కి కాదు, మీరే ఆ సైట్‌లోకి లాగిన్ అయి చూసుకోండి. కొత్తగా కొన్న డాట్ కామ్ పేరును మామూలుగా 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు (పేర్లు నమోదు చేసే సంస్థకు) మార్చడానికి ఉండదు. ఆ సంగతి బేరంలోనే చెప్పండి.

మాది మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ఎగుమతి. మా వ్యాపారం కోసమే ఒక స్పానిష్ పేరు కొనాలనుకుంటున్నాం. ఎంత దాకా ఇవ్వొచ్చు?

తిరిగి అమ్మితే వచ్చే ధర వేరు, మీ వ్యాపారానికి పనికొచ్చే విలువ వేరు. ఈ ఖనిజం ఆయిల్ డ్రిల్లింగ్‌కు కొనే కంపెనీలు కొద్దే కాబట్టి ఆ పేరును మళ్ళీ అమ్మాలంటే గిరాకీ పలచగా ఉంటుంది. కానీ దాని వల్ల లాటిన్ అమెరికా నుంచి ఒక్క కొత్త ఆర్డర్ వస్తుందనుకుంటే, ఆ ఆర్డర్ మీద మిగిలే లాభంలో ఎంత వదులుకోగలరో అదే మీ గరిష్ఠ ధర.

విదేశాల నుంచి వచ్చిన డబ్బుకు పన్ను ఎట్ల?

ఆదాయమే కాబట్టి చూపించాలి. వృత్తిగా చేస్తున్నారా, ఒకటి రెండు అమ్మారా అన్నదాన్ని బట్టి ఆడిటర్ లెక్క మారుతుంది. బ్యాంకు దగ్గర విదేశీ జమ పత్రం తీసుకోండి. కొన్నప్పటి బిల్లు, ప్రతి ఏడాది రెన్యువల్ రశీదు, ఎస్క్రో కాగితం ఒకే ఫోల్డర్‌లో పెట్టి, రిటర్నులు వేసే ముందే ఆడిటర్‌కు ఇవ్వండి. అమ్ముడుపోని పేర్ల రశీదులు కూడా పారేయొద్దు, ఖర్చు కింద చూపించే వీలుందేమో ఆయనే చెబుతారు.